నూట పదమూడో నంబరు రోడ్డు

వాంకూవర్ చలికాలపు వాన గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ వానకి విసిగిన మా తెలుగువాళ్ళలో చాలామంది మార్చి సెలవులకి హవాయి దీవులకి టికెట్లు కొంటారు. పెద్ద దీవికి వెళ్ళొచ్చినవాళ్ళ ఫోన్లలో ఒక ఫోటో తప్పకుండా ఉంటుంది. చెట్టంత ఎత్తు పెరిగిన ఫెర్న్ మొక్కల మధ్య నల్లటి గుహ నోరు, లోపల పసుప్పచ్చ దీపాలు, ముందు పిల్లలు. దాని పేరు నాహుకు. థర్స్టన్ గుహ అని కూడా అంటారు. కారు ఆపి, మెట్లు దిగి, దాదాపు 180 మీటర్లు నడిస్తే అవతల తేలతాం. పావుగంట పని.

ఇలాంటి గుహ ఎలా పుడుతుందో చెప్పడం తేలికే. పాల మీద మీగడ కట్టడం చూసిన ఎవరికైనా అర్థమవుతుంది. లావా ఏరులా పారుతున్నప్పుడు పైపొర గాలికి చల్లారి గట్టిపడుతుంది. కింద మాత్రం వేడిగా పారుతూనే ఉంటుంది. పర్వతం కక్కడం ఆపేశాక ఆ ఏరు ఖాళీ అయిపోతుంది, పైకప్పు మిగులుతుంది. సున్నపురాతిని నీళ్ళు లక్షల ఏళ్ళపాటు తొలిస్తే ఏర్పడ్డ మన బెలూం, బొర్రా గుహలతో దీనికి చుట్టరికం లేదు. అవి శతాబ్దాల మీద శతాబ్దాలు పట్టిన పని. ఇది కొన్ని రోజుల్లోనో వారాల్లోనో తేలిపోయే పని.

ఫోటోలో పడని సంగతులు రెండున్నాయి. ఆ గుహకి పేరిచ్చిన లోరిన్ థర్స్టన్ పత్రికాధిపతి. 1913లో గుహని 'కనుగొన్న'వాడుగా ఆయన పేరు స్థిరపడింది. అంతకు 20 ఏళ్ళ ముందు, 1893లో, హవాయి రాణి లిలియువోకలానిని గద్దె దించిన బృందానికి నాయకుల్లో ఆయనొకడు. ఇక నాహుకు అనే హవాయి మాటకి 'బొడిపెలు' అని అర్థం. గుహ కప్పునుంచి లావా చుక్కలు చుక్కలుగా జారి గట్టిపడి వేలాడే బొడిపెలని బట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఇప్పుడు తలెత్తి చూస్తే కప్పు నున్నగా ఉంటుంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు గుర్తుగా విరుచుకుపోయారు. పేరు మిగిలింది, పేరు పెట్టడానికి కారణమైనవి పోయాయి.

ఆ ఫోటోలు చూపించినవాళ్ళతో నేను ఎప్పుడూ ఒక మాట అంటుంటాను. లావా చూడ్డానికి సముద్రం దాటక్కర్లేదు, మన బ్రిటిష్ కొలంబియాలోనే ఉంది అని. ఎవరూ నమ్మరు. కెనడా అంటే మంచు, కొండలు, ఎలుగుబంట్లు. అగ్నిపర్వతం ఎక్కడిది?

ఉంది. రాష్ట్రానికి వాయవ్య మూల, అలాస్కా సరిహద్దుకి దగ్గర్లో, నాస్ నది లోయలో. అది నిస్గా ప్రజల దేశం. వాళ్ళు నదిని లిసిమ్స్ అంటారు. నదికి దక్షిణాన సీయాక్స్ అనే చిన్న ఏరుంది. ఆ ఏటి లోయలో, అడవి మధ్య, పెద్ద ఎత్తేమీ లేని ఒక బూడిదకుప్ప లాంటి కొండ ఉంది. మూడు శతాబ్దాల కిందట అక్కణ్ణుంచి లావా బయల్దేరి, ఏటి లోయ వెంబడి ఉత్తరానికి పారి, నాస్ లోయలోకి దిగి, అక్కడ విసనకర్రలా పరుచుకుంది. మొత్తం పొడవు 30 కిలోమీటర్లకు పైనే. కప్పిన నేల 40 చదరపు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. నదిని లోయ ఉత్తరపు అంచుకి నెట్టేసింది. సీయాక్స్ ఏటికి అడ్డుపడి ఒక సరస్సునే పుట్టించింది. సీయాక్స్ అన్న మాటకే 'కొత్త నీళ్ళు' అని అర్థం. మన ఊళ్ళలో వందేళ్ళ చెరువుని కూడా కొత్తచెరువు అన్నట్టు, మూడు వందల ఏళ్ళయినా అవి ఇంకా కొత్త నీళ్ళే.

ఆ లావా కింద నిస్గా ఊళ్ళున్నాయి. చనిపోయినవాళ్ళు దాదాపు 2,000 మంది అని నిస్గా పెద్దలు చెబుతారు. కెనడా నేల మీద మనకు తెలిసిన అగ్నిపర్వత ప్రమాదాల్లో ఇంతకంటే ఘోరమైనది లేదు. ఇంత సంగతి ఈ దేశంలో పుట్టి పెరిగిన నా సహోద్యోగులకి కూడా తెలియదు. పాంపేయి గురించి అందరికీ తెలుసు.

నిస్గా వాళ్ళ చరిత్రని అదావక్ అంటారు. అవి ఒక్కో కుటుంబానికి సొంతమైన కథనాలు. విందుల్లో, సాక్షుల ముందు, చెప్పే హక్కున్నవాళ్ళే చెప్పాలి. లావా కథ ఇలా మొదలవుతుంది. సీయాక్స్ ఏట్లోకి గుడ్లు పెట్టడానికి ఎదురెక్కి వచ్చే సాల్మన్ చేపలతో కొందరు పిల్లలు ఆడుకున్నారు. చేపల వీపులు కోసి, అందులో మండే పుల్లలు గుచ్చి నీళ్ళలో వదిలారు. చీకట్లో ఎదురీదే దీపాలని చూసి నవ్వుకున్నారు. పెద్దలు హెచ్చరించారు, పిల్లలు వినలేదు. కొన్నాళ్ళకి నేల లోపల ఉరుములు వినిపించాయి. ఏం జరుగుతోందో చూసి రమ్మని పంపిన మనిషి పొగనీ మంటనీ చూసి పరుగెత్తుకొచ్చాడు. కొందరు కొండలెక్కారు, కొందరు పడవల్లో నది దాటారు. లావా లోయనంతా మింగుతుంటే గ్వాక్స్‌త్సాగత్ అనే మహాభూతం లేచి, తన పొడుగాటి ముక్కుతో ఊది ఊది, రోజుల తరబడి పోరాడి దాన్ని నిలబెట్టింది.

గోదావరి వరదలో పులస ఎదురెక్కి వచ్చే రోజుల్లో యానాం, ధవళేశ్వరం ప్రాంతాల వాళ్ళ ముఖాలు చూసినవాళ్ళకి సాల్మన్ అంటే ఈ జనానికి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. మనకి పులస ఒక రుచి, ఒక గొప్ప. వాళ్ళకి చలికాలమంతా ప్రాణం నిలిపే తిండి. తన తిండి పెట్టేదాన్ని హింసించడం అన్నది ఆ కథలోని తప్పు. పిల్లల అల్లరికి 2,000 ప్రాణాలా అని నాకూ అనిపించింది. అయితే ఆ కథ శిక్ష ఎంత న్యాయమైందో చెప్పడానికి పుట్టింది కాదు. చేప ఎదురెక్కే ప్రతి ఏడూ పిల్లలకి చెప్పడానికి పుట్టింది.

భూశాస్త్రజ్ఞులు తర్వాత వచ్చారు. కాలిన చెట్ల మిగుళ్ళలో కార్బన్ లెక్కగట్టి, ఇది 1700 ప్రాంతంలోనో ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లోనో జరిగి ఉంటుందన్నారు. అంతమంది ఎలా చనిపోయారన్నది వాళ్ళకి పెద్ద ప్రశ్న. లావా మనిషి కంటే నెమ్మదిగానే పారుతుంది సాధారణంగా. తప్పుకోవచ్చు. అప్పుడు అదావక్‌లోని విషపు పొగ మాట వాళ్ళకి పనికొచ్చింది. గాలి కంటే బరువైన బొగ్గుపులుసు వాయువు లోయ అడుగున పేరుకుని ఊపిరాడకుండా చేసి ఉంటుందన్నది ఇప్పుడు ఎక్కువమంది చెప్పే ఊహ. భూతం నిలిపిన చోటు, లావా ఆగిపోయిన చోటు ఒకటే కావడంలో ఆశ్చర్యం లేదు. చూసినవాళ్ళు చెప్పిన కథ అది.

దాదాపు అదే కాలంలో, 1730 నుంచి 1736 దాకా, అట్లాంటిక్‌లో కానరీ దీవుల్లోని లాంజరోటే మీద అగ్నిపర్వతాలు పేలాయి. యైజా అనే ఊరి మతగురువు అంద్రేస్ లొరెంజో కుర్బేలో మొదటి ఏడాది సంగతులు రాసిపెట్టాడు. ఆ దీవి కూడా ఇవాళ లావా గుహలకి పేరుపడ్డ సెలవుల దీవే. కుర్బేలో రాతని మొదటినుంచీ సాక్ష్యం అన్నారు. నిస్గా వాళ్ళ మాటని చాలాకాలం పురాణం అన్నారు. ఒకటి కాగితం మీద ఉంది, ఇంకోటి నోట్లో ఉంది, తేడా అంతే. ఈ తేడా వల్ల ఎవరికి ఏం నష్టం అనుకోకండి. ఈ నేల మాది అని కోర్టుకెక్కాల్సి వచ్చినప్పుడు ఆ నష్టం తెలుస్తుంది. అక్కడికే వస్తున్నాను.

ముందు దారి సంగతి. ఇదివరకు అక్కడికి దారంటే నదే. సీజను మొదట్లో, చలికాలం చివర, ఊలికన్ అనే చిన్న చేపలు సముద్రంలోంచి నాస్ నదిలోకి గుంపులుగా వస్తాయి. ఎండబెట్టి ఒత్తి పెడితే కొవ్వొత్తిలా వెలిగేంత నూనె ఉంటుంది వాటిలో. చలికాలపు ఆకలి తీరేది వాటితోనే. చుట్టుపక్కల జాతులన్నీ ఆ చేప కోసం, నూనె కోసం పడవల మీద నాస్‌కి వచ్చేవి. నూనె పెట్టెలు వీపున మోసుకుంటూ కొండలు దాటే కాలిబాటల్ని ఇప్పటికీ గ్రీజు బాటలనే అంటారు. తర్వాత ఆవిరి పడవలొచ్చాయి, మిషనరీలొచ్చారు, నది ముఖాన చేపల డబ్బాల ఫ్యాక్టరీలొచ్చాయి. వీళ్ళెవరూ లావా చూడ్డానికి రాలేదు. రోడ్డు వచ్చింది కూడా మనుషుల కోసం కాదు, మాను కోసం. 1948లో ఈ రాష్ట్రంలో మొట్టమొదటి పెద్ద కలప లైసెన్సు స్కీనా, నాస్ ప్రాంతాల అడవుల మీదే ఇచ్చారు. టెర్రేస్ ఊరినుంచి ఉత్తరానికి దుంగల లారీల కోసం వేసిన మట్టిరోడ్డు లావా మీదుగా పోయి నిస్గా ఊళ్ళని తాకింది. ఆ అడవి ఎవరిదని ఎవరూ అడగలేదు.

ఇవాళ మీరు వెళ్ళాలంటే టెర్రేస్ చేరాలి. వాంకూవర్ నుంచి విమానమైతే రెండు గంటల లోపే. కారులోనైతే ప్రిన్స్ జార్జ్ మీదుగా సుమారు 1,350 కిలోమీటర్లు, కనీసం రెండు రోజులు పెట్టుకోండి. జాస్పర్ నుంచి ప్రిన్స్ రూపర్ట్‌కి పోయే రైలు కూడా టెర్రేస్‌లో ఆగుతుంది. వారానికి మూడే రోజులు, మధ్యలో ఒక రాత్రి ప్రిన్స్ జార్జ్‌లో దిగి పడుకోవాలి. అన్నిటికంటే నాకు నచ్చింది నీటిదారి. వాంకూవర్ దీవి మీద ననైమో నుంచి ఉత్తరపు కొస పోర్ట్ హార్డీ దాకా సుమారు 400 కిలోమీటర్లు కారులో పోయి, అక్కడ కారుతో సహా ఓడెక్కితే, వేసవిలో పొద్దున బయల్దేరి రాత్రికి ప్రిన్స్ రూపర్ట్‌లో దింపుతుంది. దారంతా దీవులే. దీవి సెలవు కావాలన్న కోరిక కూడా తీరుతుంది. రూపర్ట్ నుంచి టెర్రేస్ స్కీనా నది ఒడ్డున గంటన్నర పైచిలుకు. టెర్రేస్‌లో పెట్రోలు నిండా పోయించుకుని ఉత్తరానికి తిరగాలి. ఆ తర్వాత వచ్చేది 113వ నంబరు రోడ్డు.

ఈ దేశంలో రోడ్ల నంబర్లకి మామూలుగా కథలుండవు. దీనికుంది.

1887లో నిస్గా, సిమ్షియన్ పెద్దలు కొందరు పడవల మీద రాష్ట్ర రాజధాని విక్టోరియాకి వెళ్ళారు. వందల మైళ్ళ సముద్రం. అడగబోయింది పెద్ద కోరికేమీ కాదు. మా నేలని మాకు చెప్పకుండా కొలిచి గీతలు గీస్తున్నారు, మాతో ఒప్పందం చేసుకోండి అని. అప్పటి ప్రీమియర్ విలియం స్మైత్ వాళ్ళని అవమానించి పంపాడు. తెల్లవాళ్ళు వచ్చేనాటికి మీకంటూ ఏముందన్న ధోరణిలో మాట్లాడాడు. వాళ్ళు తిరిగొచ్చి ఊరుకోలేదు. 1890లో భూమి కమిటీ పెట్టుకున్నారు. 1913లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కి అర్జీ పంపారు. 1927లో కెనడా ప్రభుత్వం ఏం చేసిందంటే, ఆదివాసులు భూమి దావాల కోసం చందాలు పోగుచేయడమే నేరమని చట్టం చేసింది. అంటే ప్లీడరుకి ఫీజు ఇవ్వడమే నేరం. ఆ నిషేధం 1951 దాకా ఉంది. మనవాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటి: ఇదే రాష్ట్రంలో 1907 నుంచి 1947 దాకా భారతీయులకి ఓటు లేదు. ఆ రెండు వరసలూ వేరు వేరైనా, కాగితం పట్టుకుని అదే ఊళ్ళో అవే మెట్లెక్కి దిగినవాళ్ళే ఇద్దరూ.

1949లో ఫ్రాంక్ కాల్డర్ అనే నిస్గా యువకుడు రాష్ట్ర శాసనసభకి ఎన్నికయ్యాడు. ఆదివాసుల్లో మొదటివాడు. తర్వాత ఆయన పేరు మీదే నిస్గా వాళ్ళు కోర్టుకెక్కారు. థామస్ బర్గర్ వాదించాడు. కింది కోర్టుల్లో ఓడిపోయారు. 1973 జనవరిలో సుప్రీం కోర్టు తీర్పు వచ్చింది. చిత్రమైన తీర్పు అది. తెల్లవాళ్ళ రాకకి ముందునుంచీ ఆదివాసులకి భూమి మీద హక్కు ఉండేదని ఏడుగురిలో ఆరుగురు ఒప్పుకున్నారు. ఆ హక్కు ఇంకా మిగిలుందా అన్నచోట ముగ్గురు ఉందన్నారు, ముగ్గురు లేదన్నారు. ఏడో ఆయన, దావా వేయడానికి ముందు సర్కారు అనుమతి తీసుకోలేదన్న చిన్న కారణం చూపించి కొట్టేశాడు. కేసు ఓడిపోయింది. కానీ దేశం మొత్తం మీద ఆదివాసుల భూహక్కుల గురించి ప్రభుత్వం కూర్చుని మాట్లాడాల్సిన పరిస్థితి ఆ ఓటమే తెచ్చింది. తాతల మాటే పత్రంగా కోర్టుకెక్కి ఓడి గెలిచిన కేసు ఇంకోటి నాకు తెలీదు.

మాటలు 1976లో మొదలై రెండు దశాబ్దాలు సాగాయి. 1998 ఆగస్టులో ఒప్పందం మీద పొడి సంతకాలు పడ్డాయి. ఆ డిసెంబరులో నిస్గా అధ్యక్షుడు జోసెఫ్ గోస్నెల్ విక్టోరియా శాసనసభలో నిలబడి మాట్లాడాడు. 111 ఏళ్ళ కిందట వాళ్ళ పెద్దల్ని వెనక్కి పంపిన ఊరు అదే. 2000 మే 11న ఒప్పందం అమల్లోకి వచ్చింది. సుమారు 2,000 చదరపు కిలోమీటర్ల నేల, సొంత ప్రభుత్వం. వాళ్ళు మొదట అడిగినదాన్లో ఇది పదో వంతుకు లోపే. అంత తక్కువకి ఎందుకు ఒప్పుకున్నారని నిస్గా వాళ్ళలోనే అడిగినవాళ్ళున్నారు. మా నేల కూడా ఇందులో కలిసిపోయిందని పక్కన ఉన్న గిటాన్యో ప్రజలు అభ్యంతరం చెప్పారు. అన్నీ సుఖాంతమేమీ కాదు.

1887 నుంచి 2000 దాకా లెక్కేస్తే 113. అదే రోడ్డు నంబరు. పచ్చ పలకల మీద అంకె చూస్తూ పోతుంటే ప్రతి మలుపులోనూ ఎవరో ఆ లెక్క గుర్తు చేస్తున్నట్టే ఉంటుంది.

మేం పోయినేడు జూలైలో వెళ్ళాం. నాయన కర్నూలు నుంచి వచ్చి మా దగ్గరున్నాడప్పుడు. లావా సరస్సు దాటాక అడవి ఉన్నట్టుండి ఆగిపోతుంది. రోడ్డుకి రెండు పక్కలా దున్ని వదిలేసిన నల్లరేగడిలా గడ్డలు గడ్డలుగా రాయి, కనుచూపు మేర. దగ్గరికెళ్తే నలుపు కాదు, బూడిద. పైనంతా దళసరిగా బూజులాంటి నాచు. మూడు శతాబ్దాల్లో అక్కడ పెరగగలిగింది అదే, దాని మీద కాలు పెట్టొద్దని బోర్డులున్నాయి. అక్కడక్కడా రాతిలో బావి ఒరల్లాంటి గుండ్రటి బొక్కలు కనిపిస్తాయి. నిలబడ్డ చెట్టుని లావా చుట్టేసి, చెట్టు కాలిపోయి, దాని అచ్చు మాత్రం మిగిలిపోయింది. కొన్నిచోట్ల లావా గొట్టాలు, అంటే నాహుకు లాంటివే కానీ చిన్నవి, దీపాలు లేనివి. వాటిలోకి దూరమని ఎవరూ పిలవరు. కప్పు ఎక్కడ పలచనో బయటికి తెలీదు.

ఈ చోటు 1992 నుంచి పార్కు. దాదాపు 18,000 హెక్టార్లు. రాష్ట్ర ప్రభుత్వమూ నిస్గా జాతీ కలిసి నడిపే పార్కుల్లో ఇదే మొదటిది. దాని నిస్గా పేరు తెలుగు లిపిలో రాయాలని రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాను, మన అక్షరమాలకి కూడా లొంగని శబ్దాలున్నాయి. రోడ్డు పక్కన కారాపుకుని చూడదగ్గవి ఎవరైనా చూడొచ్చు. కానీ లావా పుట్టిన ఆ కొండ దగ్గరికి మీ అంతట మీరు పోకూడదు. నిస్గా గైడుతోనే పోవాలి. వేసవి నెలల్లోనే, ముందుగా చెప్పుకుంటేనే. ఒకవైపు 3 కిలోమీటర్లు అడవిలో నడక, చీలమండలు కప్పే బూట్లు ఉండాలి. లావా అంచులు గాజుపెంకుల్లా కోస్తాయి. ఇది భద్రత కోసం పెట్టిన నిబంధన అని మొదట అనిపిస్తుంది. భద్రత కూడా ఉంది. కానీ ఇది శ్మశానం. ఆ ఇంటివాళ్ళు తోడొచ్చి చూపిస్తారు, అంతే.

బయల్దేరే ముందు నాయన నన్ను పక్కకి పిలిచాడు.

"ఈడ చెప్పులతో నడచ్చా రా? ఆయమ్మని అడుగు."

అడిగాను. గైడు ఆయన్ని ఒక క్షణం చూసి, బూట్లు విప్పితే కాళ్ళు తెగుతాయి, వేసుకునే నడవండి, మనసులో అడిగారు కదా అది చాలు అంది. నేను తెలుగులో చెప్పాను. ఆయన తలూపి, తుండుగుడ్డ భుజం మీంచి తీసి చేత్తో పట్టుకుని నడిచాడు.

మాది శ్రీశైలం ముంపు ఊరు. 1981లో ఖాళీ అయింది. నేను పుట్టింది ఆ తర్వాతే కనక నాకు అది పేరు మాత్రమే. ఆ వెనక నీళ్ళలోనే సంగమేశ్వరం గుడి ఉంది. ఏడాదిలో చాలా నెలలు మునిగి ఉండి, ఎండాకాలం నీటిమట్టం తగ్గాక బయటపడుతుంది. అప్పుడు జనం బురదలో నడుచుకుంటూ పోయి వేపమాను లింగానికి దణ్ణం పెట్టుకుంటారు. నీళ్ళు బాగా దిగిన ఏడాది నాయన గుడి దాకానే కాదు, మా ఊరి దిబ్బల దాకా పోయేవాడు. గడప రాయి ఎక్కడుందో ఇప్పటికీ చెప్పగలడు. వాళ్ళ ఇల్లు చూడ్డానికి ఆయన వెళ్ళే పద్ధతి అది. టికెట్టు లేదు, గైడు లేడు, క్యాలెండరులో తేదీ కూడా లేదు. నీళ్ళు ఒప్పుకోవాలి.

కొండ మీంచి దిగుతుంటే అన్నాడు: "మనకి ఎండాకాలమన్నా నీళ్ళు దిగుతాయి. వీళ్ళకి రాయి యాడ దిగుతాది?"

గైడు ఏమన్నాడని అడిగింది. చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. కాసేపయ్యాక నడుస్తూనే, తమ ఇంటివాళ్ళు లావా కింద ఉన్న ఊళ్ళ పేర్లు విందుల్లో ఇప్పటికీ పలుకుతారని చెప్పింది. ఆ పేర్లు మాకు పలికి వినిపించింది. నాయన ఆ పేర్లని తన నోటితో తిరిగి అనడానికి ప్రయత్నించాడు. నాకంటే ఆయనకే బాగా వచ్చాయి.

అక్కణ్ణుంచి చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. నదికి ఉత్తరపు ఒడ్డున గిట్విన్‌క్సిల్క్ అనే ఊరుంది. బల్లులుండే చోటి మనుషులని అర్థమట, లావా వచ్చాక ఆ బల్లులు వెళ్ళిపోయాయట. 1995లో కార్ల వంతెన వచ్చేదాకా ఆ ఊరికి వేలాడే కాలివంతెనే ఆధారం. సరుకులూ శవాలూ పెళ్ళివారూ అందరూ దాని మీదే. అది ఇప్పటికీ ఉంది, ఊగుతుంది, కింద నది జోరుగా పోతుంటుంది. కొత్త వంతెన రెండు కొసలా నాలుగు చెక్కిన స్తంభాలు నిలబెట్టారు. రోడ్డు చిట్టచివర సముద్రం ఒడ్డున గింగోల్క్. 2000ల తొలి ఏళ్ళ దాకా ఆ ఊరికి రోడ్డే లేదు, పడవో నీటివిమానమో దిక్కు.

గింగోల్క్‌కి ముందు లాక్స్‌గల్త్సాప్ ఊళ్ళో 2011లో తెరిచిన నిస్గా మ్యూజియం ఉంది. అక్కడ మాత్రం ఆగండి. లోపల నీయిస్‌జూల్ అనే ఇంటివాళ్ళ స్మారక స్తంభం ఉంది. దాదాపు 11 మీటర్లు, ఒకే ఎర్ర దేవదారు మాను. 1860ల ప్రాంతంలో, నాయకుడు కావాల్సి ఉండి చనిపోయిన ఒక వీరుడి గుర్తుగా నిలబెట్టారు. 1929 వేసవిలో, ఊరివాళ్ళు చేపలవేటకీ పంటపనులకీ వెళ్ళిన సమయంలో, మారియస్ బార్బో అనే జానపద పరిశోధకుడు దాన్ని పీకించి ఎడిన్‌బరోలోని స్కాట్లండు మ్యూజియానికి అమ్మాడు. ఆయన కెనడాలో చాలా గౌరవం పొందిన పండితుడు. నాస్ పాటలు రికార్డు చేసి భద్రపరిచినవాడు కూడా. నాహుకు కప్పునుంచి బొడిపె విరిచి జేబులో వేసుకున్న యాత్రికుడికీ ఆయనకీ ఎంత తేడా ఉందో నాకు నిర్ణయించుకోవడం కష్టంగానే ఉంది.

ఆ ఇంటివాళ్ళు 2022లో ఎడిన్‌బరో వెళ్ళి అడిగారు. మ్యూజియం ఒప్పుకుంది. 2023 సెప్టెంబరులో స్తంభం కెనడా వైమానికదళం విమానంలో సముద్రం దాటి టెర్రేస్‌లో దిగింది. టెర్రేస్ నుంచి లారీ మీద పడుకోబెట్టి, 113వ నంబరు రోడ్డు మీద, లావా మధ్యలోంచి ఇంటికి తీసుకుపోయారు.